ఒక్క గుర్దా మీద మా అన్న

పోయిన నెల హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో, మిషను చల్లగాలికి తట్టుకోలేక శాలువా కప్పుకొని ఇనుప కుర్చీలో కూర్చున్నప్పుడు, మా చెల్లెలి మనవడికి కొత్తగా పెట్టిన కిడ్నీ నుంచి మూత్రం రావడం ఉన్నట్టుండి తగ్గిందని లోపలి నుంచి కబురు వచ్చింది. పిల్లవాడికి కిడ్నీ ఇచ్చింది వాడి మేనత్త. ఆమె ఇంకో అంతస్తులో పడుకొని ఉంది. మా వాళ్ళందరి ముఖాలూ వాడిపోయాయి. కాసేపటికి ఒక కుర్ర డాక్టరు బయటికి వచ్చి, ఏ తొందరా లేకుండా, తన అరచేతి మీదనే వేలితో బొమ్మ గీస్తూ, తాము ఏమేం చూస్తున్నారో చెప్పాడు. ముందు గొట్టంలో నెత్తురుగడ్డ అడ్డుపడిందేమోనని కడిగారట, ఒంట్లో నీళ్ళు చాలినన్ని ఉన్నాయా లేదా చూశారట, ఇక కొత్త కిడ్నీకి నెత్తురు సరిగా అందుతోందా, మూత్రనాళాన్ని అతికిన చోట కారుతోందా, పక్కన నీరు చేరి నొక్కుతోందా అని స్కానింగు తీస్తారట, తప్పకపోతే మళ్ళీ తెరుస్తారట. ఆ అబ్బాయి చెప్పిన తీరు నాకు ఎంతో నచ్చింది. చివరికి అతుకు దగ్గర సన్నటి కారుడని తేలింది, సరిచేశారు, పిల్లవాడు ఇప్పుడు ఇంట్లో క్షేమంగా ఉన్నాడు, ఆ దిగులు మీకొద్దు. నాకు నచ్చనిదల్లా పక్క కుర్చీలో కూర్చున్న మా చెల్లెలి చిన్నల్లుడి మాట. "మీ కాలంల గివన్ని యాడియి మామా, డాక్టర్లకే ఎర్క లేకపోవు, మనిషి పోతే పోయె, గంతే" అన్నాడు, ఫోను మీది నుంచి కన్ను ఎత్తకుండా.

ఆసుపత్రిలో గొంతు పెంచకూడదు గనుక ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నా ఈడు వాళ్ళు, మీరే చెప్పండి, స్కానింగు మిషను లేనంత మాత్రాన మనుషులకు కళ్ళు లేవా, ముక్కు లేదా, చేతులు లేవా? గొట్టం కడగడం, ఒంట్లో తడి ఉందో లేదో చూడడం, ఇది అడ్డమా కారుడా అని తేల్చుకోవడం, అవన్నీ అయ్యాకే కత్తి పట్టడం, ఈ వరుసంతా అరవైలలోనే పాలమూరులో ఒక మనిషి చేతుల్లో నేను చూశాను. పెద్ద చదువులు చదివిన అల్లుడికి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పినట్టు లేదు. బడి గడప తొక్కని నేను చెబుతున్నాను.

మాది నారాయణపేట దగ్గర నేతవాళ్ళ వాడ. నాయిన పోయిన తరువాత ఇంటిని, అమ్మను, నన్ను, చెల్లెలిని నెత్తిన పెట్టుకున్నది మా అన్న. నన్ను బడికి పంపలేదని ఆయన్ని ఎన్నడూ తప్పుపట్టలేదు. కండెలు చుట్టడానికి, నూలు తేవడానికి, నేసిన చీరలు సావుకారుకు అప్పజెప్పడానికి ఇంట్లో ఇంకో మగమనిషి కావాలి కదా. నూలు కట్టలకు చుట్టి వచ్చే పాత పేపర్ల మీద నేను అక్షరాలు కూడబలుక్కుంటుంటే, మగ్గం మీద నుంచే "గట్టిగ సదువురా, నాక్కూడ ఇనబడాలె" అనేవాడు. ఈ కాస్త రాయగలుగుతున్నానంటే ఆ మాట పుణ్యమే.

అన్న పనితనం గురించి చెప్పాలంటే ఇంకో పుస్తకం కావాలి, కాబట్టి చెప్పను. మగ్గం దగ్గర మావాళ్ళకున్న ఒక అలవాటు మాత్రం చెప్పాలి. మావి గుంట మగ్గాలు. గుంటలో కాళ్ళు దించుకొని కూర్చున్న నేతగాడు మాటిమాటికి లేస్తే చేతి వాటం చెదిరిపోతుంది, అంచు దగ్గర పోగు తప్పుతుంది. అందుకని పొద్దున ఇంత గంజి తాగి మగ్గం ఎక్కినవాడు మధ్యాహ్నం అన్నం వేళ దాకా గొంతు తడుపుకునేవాడు కాదు. నీళ్ళు తక్కువ తాగడం మాలో ఒక మొగతనం. ఎవడైనా రెండుసార్లు చెంబు అడిగితే "నీళ్ళ కడుపోడు, వీడేం నేస్తడు" అని వాడంతా నవ్వేది. మా నేల రాతినేల, నీళ్ళు సున్నం తేలే నీళ్ళు, పైగా తాగేది తక్కువ. రాళ్ళు పుట్టక ఏం చేస్తాయి?

అన్నకు ముప్పై దాటేసరికి నడుము పక్క నుంచి గజ్జల దాకా పొడిచే నొప్పి మొదలైంది. ఉలవకట్టు తాగాడు, కొండపిండి ఆకు నూరుకొని తిన్నాడు, ఒకసారి నొప్పికి తాళలేక మగ్గం గుంటలోనే ముడుచుకొని పడిపోతే నేను, వదిన కలిసి పైకి లాగాము. చివరికి బండి మీద, ఆ తరువాత బస్సు మీద పాలమూరు దవాఖానకు చేర్చాము. ఏ దవాఖాననో చెప్పను, చెబితే ఇప్పుడున్న వాళ్ళు ఆ గొప్ప తమదేనని బోర్డు రాసి పెట్టుకుంటారు. అక్కడి పెద్ద డాక్టరు అన్నను హైదరాబాదు పంపి, నరంలో రంగుమందు సూది వేయించి ఎక్స్‌రే తీయించాడు. ఆ ఫిల్ము వచ్చాక దాన్ని కిటికీ వెలుగుకు అడ్డం పట్టి, నన్ను పక్కన నిలబెట్టుకొని చూపించాడు. కిడ్నీని మావైపు గుర్దా అంటాం. ఎడమ గుర్దా తెల్లగా కనబడుతోంది, దాని నోటి దగ్గర రాయి. కుడివైపు ఏమీ లేదు, ఉత్త చీకటి. అది ఎన్నడో రాయి పడి, నొప్పి కూడా సరిగా తెలియనీయకుండా ఎండిపోయిందట. మా అన్న ఇన్నేళ్ళూ ఒక్క గుర్దా మీద బతుకుతున్నాడన్నమాట; ఆ ఒక్కదాన్నే ఇప్పుడు కోయాలి. కోయకపోతే రాయి దాన్ని తింటుంది. కోసినాక అది చెడితే మనిషే పోతాడు. నెత్తురు కడిగే మిషను మాకు అందేంత దూరంలో ఎక్కడా లేదు, ఇంకొకరి కిడ్నీ తెచ్చి పెట్టడమన్నది అప్పట్లో మేము కలలో కూడా అనుకోని మాట.

ఆ డాక్టరు మా జిల్లావాడే. తండ్రి గొర్ల కాపరి అట, ఈయన ఉర్దూలో చదువుకొని హైదరాబాదులో డాక్టరై మళ్ళీ ఇటే వచ్చాడు. మా మాటే మాట్లాడేవాడు, కాకపోతే మధ్యలో నాలుగు ఉర్దూ ముక్కలు పడేవి. వార్డులోకి వస్తే వెనక మంది ఉండాలన్న పట్టింపు లేదు. మంచం పట్టె మీద కూర్చొని, రోగి ఒంటి మీద చాలాసేపు చెయ్యి ఆనించి చూసేవాడు. మూత్రం సీసాను ఎత్తి వెలుగులో చూసేవాడు. తీసిన కట్టు బట్టను, మిగతా వాళ్ళు ముక్కు మూసుకొని పారేసేదాన్ని, ఈయన ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేవాడు. నేను ముఖం ఎటో తిప్పుకుంటే నవ్వి, "చీము వాసన ఒక తీరు, మూత్రం వాసన ఇంకో తీరు, నెత్తురు మురిగితె మరో తీరు. ముక్కు మూసుకుంటె మనిషి పోతడు తమ్మీ" అన్నాడు. ఇంకోసారి, "కోసుడు ఎవడన్న నేర్చుకుంటడు. కోసినంక మంచం కాడ నిలబడుడే అసలు పని" అన్నాడు. ఆ తరువాత నా జీవితంలో ఎందరో పెద్దమనుషుల ఉపన్యాసాలు విన్నాను గానీ, ఇంత బరువైన మాట ఒక్కటీ దొరకలేదు.

ఆపరేషను మంచిగానే జరిగింది. రేగుపండంత రాయి తీశారు. నడుము పక్క కోత నుంచి కట్టులోకి ఒక రబ్బరు గొట్టం, కింద మూత్రసంచి నుంచి మంచం పక్కనున్న సీసాలోకి ఇంకొకటి పెట్టారు. మొదట్లో నరం గుండా సీసా నీళ్ళు ఎక్కించి, అన్న నోటితో తాగగలడని తేలాక అది తీసేశారు. కోత దగ్గరి కట్టు మాత్రం తడిసిపోతూ ఉండేది. డాక్టరు వాసన చూసి, ఇది మూత్రమే, గుర్దా మీద వేసిన కుట్టు సందులోంచి కారుతోంది, ఇది అనుకున్నదే, మెల్లగా మూసుకుంటుంది, కాకపోతే నీళ్ళు బాగా తాగించాలి అని సిస్టరమ్మకూ నాకూ చెప్పాడు. నాతో పాటు మంచం దగ్గర ఉన్న అమ్మ ఆయన ముందుకు వచ్చేది కాదు. ఆయన వచ్చినప్పుడల్లా కొంగు నెత్తి మీదికి లాక్కొని గోడవైపు నిలబడేది.

నా పని నీళ్ళు తేవడం. ఎండాకాలం, పాలమూరు ఎండ, వడగాలికి కిటికీ తలుపులన్నీ మూసి ఉంచేవాళ్ళు, వార్డంతా పగలే మసకగా ఉండేది. దవాఖాన బావి నుంచి కుండ నింపుకొచ్చి అన్న తలాపున పెట్టి బయటికి పోతే, మళ్ళీ వచ్చేసరికి కుండ ఖాళీ. నింపితే మళ్ళీ ఖాళీ. జన్మలో నీళ్ళు అడగని మనిషి ఇన్ని తాగుతున్నాడని నాకు సంతోషం. డాక్టరు అడిగినప్పుడల్లా ఛాతీ విరిచి చెప్పేవాణ్ణి. సిస్టరమ్మ అడిగితే అమ్మ చెప్పేది, తాగిండు బిడ్డా, ఇప్పుడే తాగిండు అని.

అంతలో ఒక పొద్దున కట్టు విప్పితే బట్ట పొడిగా ఉంది. డాక్టరు ముఖం వెలిగిపోయింది. "శభాష్" అని అన్న భుజం తట్టాడు. అమ్మ గోడ దగ్గర నుంచే రెండు చేతులూ జోడించింది. ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. మూత్రం సీసాలో కూడా ఏమీ లేదని అందరం చూసింది ఆ తరువాతే. అడుగున ఇంత, అది కూడా ఇటుక నీళ్ళ రంగులో. డాక్టరు సీసాకు పోయే గొట్టంలోకి పిచికారీతో మందు నీళ్ళు ఎక్కించి చూశాడు. తేలిగ్గా లోపలికి పోయాయి, తేలిగ్గా వెనక్కి వచ్చాయి, గడ్డ ఏమీ లేదు. సాయంత్రానికి ఇంకా తగ్గింది. మర్నాడు పొద్దునకు సీసా ఉత్తదే.

ఆయన కింద పనిచేసే చిన్న డాక్టరు, చురుకైన మనిషి, తన అనుమానం చెప్పాడు: కారుడు బయటికి మూసుకుపోయి లోపలే చేరుతోందని, లేదా వాపు వచ్చి నాళం మూసుకుపోయిందని, ఆలస్యం చేస్తే ఉన్న ఒక్క గుర్దా కుళ్ళిపోతుందని, వెంటనే మళ్ళీ తెరవాలని. అది తప్పు మాట కాదు, ఎవరైనా అదే అంటారు. పెద్ద డాక్టరు కూడా ఒప్పుకొని కత్తులు ఉడకబెట్టమన్నాడు. నన్ను వరండాలోకి పిలిచి సంగతి చెప్పాడు. లోపల చెడిపోయి ఉంటే దాన్ని తీసెయ్యాలా సారూ అని అడిగాను. ఆయన చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు. ఇంటి దగ్గర వదిన, అన్న పసిబిడ్డ, సగం నేసిన చీర మీద కప్పిన గుడ్డ, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. రెండోసారి కోయవలసిన మనిషిని, అంతకు ముందు ఎన్నడూ చూడనట్టు, తల నుంచి కాళ్ళ దాకా మళ్ళీ మొదటి నుంచి చూసేవాడు. స్ట్రెచరు గుమ్మం దగ్గర నిలబడి ఉండగానే వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. పక్కటెముకల కింద మెల్లగా నొక్కాడు, వాపు లేదు, నొప్పీ లేదు. పొత్తికడుపు నొక్కాడు, ఖాళీ. ఒళ్ళు కాలడం లేదు. కట్టు బట్ట వాసన చూశాడు, ఏ వాసనా లేదు. చేతి మీది తోలు వేళ్ళతో పట్టి వదిలితే అది మడత పడ్డట్టే నిలబడింది. దాన్ని చూస్తూ, "ఇన్ని నీళ్ళు లోపలికి పోతున్నయి, బయటికి వస్తలేవు, లోపల యాడ నిలువలేదు. మరి యాడికి పోతున్నయి?" అని తనలో తాను అన్నాడు. అన్నను నోరు తెరవమన్నాడు. మసకలో కనబడక, లేచి తలాపు పక్కనున్న కిటికీ తలుపు తనే తోశాడు.

తోసి, అక్కడే నిలబడిపోయాడు. నేనూ వెళ్ళి చూశాను. బయట నేలంతా ఎండకు నెర్రెలు విచ్చి ఉంది. మా కిటికీ కింద మాత్రం ఇంత మేర నల్లటి బురద, దాంట్లో గుంపుగా పిచ్చుకలు రెక్కలు కొట్టుకుంటూ మునుగుతున్నాయి, ఒక మేకపిల్ల గోడ కిందికి కారిన తడిని నాకుతోంది.

డాక్టరు వెనక్కి తిరగకుండానే అన్నాడు: "అవ్వా, నీకు మస్తు పుణ్యం దక్కుతాంది."

"నేనేం జేసిన సారూ?" అంది అమ్మ గోడ దగ్గర నుంచే.

"గింత ఎండల పిచ్చుకలకు తానం పోస్తున్నవ్. నీ కొడుకు ఏం పాపం జేసిండు, ఆయనకు జరంత పొయ్యరాదు?"

నాకు అర్థం కాలేదు. "తాగుతున్నడు సారూ, కుండ నేనే నింపుతున్న" అన్నాను.

"నువ్వు నింపుతున్నవ్ తమ్మీ. గుమ్మరిచ్చేటోళ్ళు వేరే ఉన్నరు" అన్నాడు ఆయన. అన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అప్పుడు మా అమ్మ, ఇన్ని రోజులూ ఆయన ఎదుటికి రాని మనిషి, కొంగు నెత్తి మీది నుంచి జారినా చూసుకోకుండా ముందుకు వచ్చింది. "ఔ, నేనే గుమ్మరిచ్చిన! కోసిన పచ్చి పుండుకు నీళ్ళు పోస్తరా ఎవరన్న? తాగినప్పుడల్ల బట్ట తడుస్తుండె. బంజేసిన, ఆరింది. ఆరిందని శభాష్ అన్నది నువ్వే గద సారూ! నిన్న మంచిగున్నది ఇయ్యాల తప్పయిందా?" అంది.

చిన్న డాక్టరు ముఖం ఎర్రబడింది, ఏదో గట్టిగా అనబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. ఆ తరువాత ఆయన చేసిన పని నేను ఈనాటిదాకా ఏ డాక్టరు చేయగా చూడలేదు. అమ్మ ముందర, ఆ వట్టి నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"నిజమే అవ్వా, శభాష్ అన్నది నేనే. నీళ్ళు తాపియ్యమని సిస్టరుకు చెప్పిన, నీ చిన్న కొడుక్కు చెప్పిన. చెప్పాల్సింది నీకు, నీకు చెప్పలె. ఇప్పుడు చెప్తున్న ఇను. కుట్టు కాడ చిన్న సందుంది. కింది దారి పారుతుంటె మీది సందు దానంతల అదే మూసుకుంటది. నువ్వు నీళ్ళు బంజేస్తె సందు మూసుకోలె, గుర్దా పని బంజేసింది. ఆరింది పుండు కాదవ్వా, మనిషి."

అమ్మ అన్న పెదవుల వైపు చూసింది. అవి ఎండి పొరలు లేచి ఉన్నాయి. సిస్టరమ్మ చూసినప్పుడల్లా అమ్మ గ్లాసు అక్కడ ఆనించి, కొంగు తడిపి తుడిచి, మిగిలినవి కిటికీ సందులోంచి పోసేదట. "ఇప్పుడు తాపిస్తె బతుకుతడా?" అని అడిగింది, గొంతు చాలా చిన్నదైపోయి.

"బతుకుతడనే అనుకుంటున్న. పొద్దుమూకే దాక చూస్త. రాకపోతె కోస్త. అబద్ధం ఎందుకు చెప్పాలె?"

సిస్టరమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి అన్న నోటికి అందించింది. అన్న తాగలేదు. పళ్ళు బిగపట్టి తల అడ్డంగా ఊపాడు. చిన్న డాక్టరు విసుక్కున్నాడు. పెద్ద డాక్టరు అన్న ముఖంలోకి చూసి, అమ్మ ముఖంలోకి చూసి, మనవైపు మనిషి గనుక ఇట్టే పోల్చుకున్నాడు. "ఒట్టేయించినవా అవ్వా?" అన్నాడు. అమ్మ తలవంచుకుంది. పుండు మానేదాకా గుటక మింగితే నన్ను చంపుకున్నట్టే అని తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించిందట. నాయిన పోయాక అమ్మ మాట జవదాటని కొడుకు, నాలుక పిడచగట్టుకుపోతున్నా, కళ్ళ ముందే నీళ్ళు కిటికీలోంచి పోతున్నా, నోరెత్తలేదు. డాక్టరు చెప్పినా తాగడు, నేను కాళ్ళు పట్టుకున్నా తాగడు. వేయించినవాళ్ళే తీయాలి.

డాక్టరు లేచి పక్కకు జరిగి దారి ఇచ్చాడు. స్ట్రెచరు వాళ్ళు, చిన్న డాక్టరు, సిస్టరమ్మ, అందరూ నిలబడి ఉన్నారు. అంత తొందరలో కూడా ఆయన ఎవరినీ కదలనివ్వలేదు. అమ్మ కుండలో చెయ్యి ముంచి, అన్న తల మీద తడి చెయ్యి పెట్టి, మా ఇళ్ళలో అనేటట్టే, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన, తాగు కొడకా" అంది. అన్న ఆమె చేతిలోంచే గ్లాసు తీసుకున్నాడు. అంత ఆత్రంగా తాగబోతుంటే డాక్టరే, "మెల్లగ, మెల్లగ, కుండ యాడికి పోదు" అని ఆపవలసి వచ్చింది.

ఆ తరువాత నరం గుండా మళ్ళీ సీసా ఎక్కించారు. కత్తులు ఉడుకుతూనే ఉండనివ్వండి అన్నాడు గానీ, పట్టలేదు. ఒక స్టూలు లాక్కొని అన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అన్నానికి కూడా పోలేదు. చిన్న డాక్టరు రెండు మూడు మార్లు వచ్చి, నాకు అర్థం కాని ఇంగ్లీషులో, ఆలస్యమవుతోందని చెప్పినట్టుంది. ఈయన వినయంగానే విని, నడుము పక్క మళ్ళీ నొక్కి చూసి, ఇంకాసేపు అనేవాడు. కోయడానికి ధైర్యం కావాలంటారు. కోయకుండా కూర్చోవడానికి కావలసిన ధైర్యం నేను ఆ మధ్యాహ్నం చూశాను. ఆయన అంచనా తప్పితే మా అన్న పోతాడు, నలుగురూ ఆయన్నే అంటారు. అది ఆయనకు తెలుసు. పదేపదే చెమట తుడుచుకుంటున్నాడు, అది ఎండకు కాదు.

ఎండ వాలిన తరువాత గొట్టం చివర ఒక చుక్క నిలబడింది. జారింది. ఇంకొకటి వచ్చింది. కాసేపటికి సీసా అడుగు తడిసింది, రంగు ఇటుక నుంచి తేనెకు, తేనె నుంచి ఇంకా పలచనకు తేలింది. అందరం సీసానే చూస్తుంటే అమ్మ ఒక్కతే అన్న నడుము చూస్తోంది. "సారూ, మల్ల కారుతాంది!" అని ఒక్కపెట్టున ఏడ్చింది. కట్టు తడిసిపోయింది. డాక్టరు ఆ బట్ట తీసి, ముక్కు దగ్గర పెట్టుకొని, పెళ్ళికొడుకులా నవ్వాడు. "కారనియ్యి అవ్వా, కారనియ్యి! కారుతాందంటె గుర్దా బతికింది" అన్నాడు. తడి కట్టును అంత ప్రేమగా పట్టుకున్న మనిషిని ఇంకొకర్ని చూపించండి నాకు.

ఆ కారుడు వెంటనే ఆగలేదు. మూత్రం తగిలి తోలు పుండు పడకుండా ఆయన తెల్లటి మందు పూతను తన చేత్తోనే కోత చుట్టూ రాసేవాడు; సిస్టరమ్మ విసుగన్నది లేకుండా బట్టలు మార్చేది; ఏ పక్కకు ఒత్తిగిలితే తక్కువ కారుతుందో చూసి అన్నను ఆ పక్కకు పడుకోబెట్టేది. నీళ్ళు తాగించే పని అమ్మకే అప్పజెప్పాడు డాక్టరు, ఇంకెవరూ ముట్టకూడదన్నాడు. ఏ చేతులు గుమ్మరించాయో ఆ చేతులకే. వేరే డాక్టరయితే ఆమెను వార్డు బయటికి వెళ్ళగొట్టేవాడు. రోజురోజుకు తడి తగ్గి, ఒకరోజు బట్ట పొడిగా వచ్చింది, సీసా మాత్రం నిండుగా ఉంది. ఈసారి ఆయన శభాష్ అన్నది అమ్మను.

మా అమ్మను మూఢురాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఇప్పుడే చెబుతున్నాను. బాలింతకూ పచ్చి గాయానికీ నీళ్ళు కట్టడి చేయడం ఆమె తన తల్లి దగ్గర చూసింది. తాగితే తడుస్తోంది, ఆపితే ఆరింది, ఆ లెక్క కూడా సరిగానే వేసింది. ఆమెకు తెలియనిది లోపల ఏముందన్నది ఒక్కటే, అది చెప్పడం తెలిసినవాళ్ళ పని. ఆ సంగతి ఒప్పుకున్నాడు కాబట్టే ఆ డాక్టరు నాకు దేవుడంతటివాడు. ఊరికి వచ్చాక అమ్మ ఊరుకుందా! చెంబు పట్టుకొని మగ్గం మగ్గానికి తిరిగి, "లేచి తాగుర్రి, పోగు యాడికి పోదు, పానం పోతది" అని నేతవాళ్ళ ప్రాణం తోడేది. "నీళ్ళవ్వ వస్తాంది" అని వాడంతా నవ్వుకుంటూనే తాగేవాళ్ళు. అన్న ఆ ఒక్క గుర్దా మీద ఇంకా చాలా ఏళ్ళు నేశాడు, చెల్లెలి పెళ్ళి చీర నేశాడు, తన మనవళ్ళను ఎత్తుకున్నాడు. కోలుకున్నాక డాక్టరుగారి ఇల్లాలికని ఒక చీర నేసి ఇద్దరం పాలమూరు పోతే, ఆయన సాగర్ కట్టపని జరిగేవైపు బదిలీ అయి వెళ్ళిపోయాడన్నారు. మళ్ళీ ఆయన్ని చూడలేదు. ఆయన ఇప్పుడు లేకపోవచ్చు; ఉంటే నాకంటే చాలా పెద్దవాడై ఉంటాడు.

ఈనాటి వాళ్ళ పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడితే నా నాలుక పడిపోవాలి. ఒకరి కిడ్నీ ఇంకొకరికి అతికి, ఆ అతుకులో వెంట్రుకవాసి కారుడు కూడా కనిపెట్టి, పిల్లవాణ్ణి ఇంటికి పంపించారు. నీళ్ళు ఎన్ని పోయాయో, ఎన్ని వచ్చాయో గంటగంటకూ వాళ్ళే కొలుస్తారు, తల్లిదండ్రులను అంటు తగలకూడదని లోపలికి రానివ్వరు. మంచి పద్ధతి. మా అమ్మలాంటి అమ్మకు అక్కడ ఏ తప్పూ చేసే వీలు లేదు. కానీ ఆ రోజు ఆసుపత్రిలో పిల్లవాడి తల్లిని నేను చూస్తూ కూర్చున్నాను. అద్దానికి అవతల కొడుకు, ఇవతల ఆమె. ఏదో ఒకటి చేయాలని ఆమె చేతులు కొంగును మెలితిప్పుతూనే ఉన్నాయి, వాటికి ఎవరూ ఏ పనీ చెప్పలేదు.